బండికేం కంప్లైంట్?

మెకానిక్ షెడ్డుల్లో వినపడే ఒక మాట నాకు భలే ఇష్టం. బండి ఆగిపోయినా, పొగ ఎక్కువొచ్చినా, బ్రేకు పట్టకపోయినా మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న "ఏం కంప్లైంట్?" అని. కంపెనీవాళ్ళ మాన్యువల్సులో ఆ చోట 'ఫాల్ట్' అని ఉంటుంది. ఫాల్ట్ కోడ్, ఫాల్ట్ ఫైండింగ్, అలా. మన షెడ్డుల్లో మాత్రం అది కంప్లైంటే. "గేర్‌బాక్సులో కంప్లైంట్ వచ్చిందండీ" అంటారు, ఆ గేర్‌బాక్సు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి కాగితం రాసిచ్చినట్టు.

వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ రెండు మాటల్లో షెడ్డువాళ్ళ మాటే సరైనదని నా అభిప్రాయం. ఫాల్ట్ అంటే తీర్పు. కంప్లైంట్ అంటే ఒకరు చెప్పుకునేది. దాన్ని ముందు వినాలి, విచారించాలి, ఆ తర్వాత తేల్చాలి. కంప్లైంట్ నుంచి ఫాల్ట్ దాకా నడిచే దారి పేరే డయాగ్నోసిస్. స్కూటర్ అయితే ఆ దారి పొట్టిది. 30 టన్నుల యంత్రం అయితే ఆ దారిలో లక్షల రూపాయలు ఉంటాయి. ఒక్కోసారి ఒక మనిషి జీతం కూడా ఉంటుంది.

నేను సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. ఈ యంత్రాల లోకం నాకు తెలిసింది మా మామయ్య వల్ల. ఆయన ఒంగోలు దగ్గర చీమకుర్తి చుట్టుపక్కల క్వారీల్లో ముప్ఫయ్యేళ్ళ నుంచి పెద్ద బళ్ళు బాగు చేస్తున్నారు. చీమకుర్తి పేరు విననివాళ్ళు కూడా దాని రాయిని చూసే ఉంటారు. నల్లటి గ్రానైటు మీద బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయే, బ్లాక్ గెలాక్సీ అంటారు, అది ఈ ఊరిదే. మన అపార్ట్‌మెంట్ల వంటగది గట్టు మీదికి వచ్చేముందు ఆ రాయి పెద్ద పెద్ద దిమ్మెలుగా గోతిలోంచి పైకి రావాలి. ఆ పనిలో పొక్లెయిన్లు ఉంటాయి. పొక్లెయిన్ అనేది నిజానికి ఒక ఫ్రెంచ్ కంపెనీ పేరు. ఏ కంపెనీ ఎక్స్‌కవేటర్‌నైనా మనం పొక్లెయిన్ అనే అంటాం, ఏ కంపెనీ బండినైనా జేసీబీ అన్నట్టు.

ఈ బండితో వచ్చే చిక్కు ఏంటంటే, నొప్పి ఉన్నచోట రోగం ఉండదు. కారులో ఇంజన్ చక్రాలని తిప్పుతుంది. పొక్లెయిన్‌లో ఇంజన్ ఒక నూనె పంపుని తిప్పుతుంది. బూమ్ లేవాలన్నా, బకెట్ ముడవాలన్నా, బండి గుండ్రంగా తిరగాలన్నా, ట్రాకుల మీద నడవాలన్నా ఆ పంపు తోసిన నూనే చెయ్యాలి. ఆ నూనె ప్రెషర్ చాలా బళ్ళలో చదరపు సెంటీమీటరుకి 350 కేజీల దాకా ఉంటుంది. దాన్ని ఎటు పంపాలో చెప్పే వాల్వుల్ని కదపడానికి ఇంకో చిన్న లైను ఉంటుంది. దాన్లో ప్రెషర్ సుమారు 40 కేజీలు. చేతిలో లీవర్ కదిపితే మొదట కదిలేది ఈ చిన్న లైనే. అక్కడ 40 కాస్తా 25కి పడితే, 350 కేజీల పంపు నిక్షేపంలా ఉన్నా బండి మొత్తం నీరసపడుతుంది. చూసేవాడికి పంపు పోయినట్టే ఉంటుంది.

అందుకే మామయ్య అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "ఒక్కటే మెత్తబడిందా, అన్నీనా?" ఒక్క బూమే లేవకపోతే బూమ్ సిలిండరు సీళ్ళు, దాని వాల్వు చూడాలి. అన్నీ మందగిస్తే అందరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. పంపు, రిలీఫ్ వాల్వు, చిన్న లైను, ఇంజన్. ఒక పక్క ట్రాకు మాత్రమే లాగకపోతే ఇంకో చక్కటి ఉపాయం ఉంది. రెండు పంపుల నుంచి వచ్చే హోసుల్ని అటుదిటు, ఇటుదటు మారుస్తారు. నీరసం కూడా రెండో పక్కకి మారితే తప్పు హోసుకి వెనకాల, అంటే పంపు దగ్గర. మారకపోతే ముందు, వాల్వు దగ్గరో మోటరు దగ్గరో. ఒక్క కొత్త పార్టు కొనకుండా సగం బండి మీద అనుమానం తీరిపోతుంది. మా ఆఫీసులో కోడ్‌ని సగానికి సగం తగ్గించుకుంటూ బగ్ వెతికే పద్ధతికి బైనరీ సెర్చ్ అని పేరు పెట్టుకున్నాం. ఈయన దానికి పేరేమీ పెట్టలేదు.

రెండేళ్ళ కింద ఏప్రిల్లో ఒక వారం ఆయన వెంట తిరిగాను. అప్పుడు చూసిన ఒక కేసు చెప్తాను. క్వారీ పేరు, బండి కంపెనీ పేరు అనవసరం.

కంప్లైంట్ ఇది. పొద్దున బండి బాగానే ఉంటుంది. మూడు గంటలు నడిచాక మెత్తబడుతుంది. ఇంజన్ ఆర్పీఎం పడిపోతుంది, బూమ్ బరువు ఎత్తదు. స్క్రీన్ మీద ఒక హెచ్చరిక వస్తుంది: రైల్ ప్రెషర్ తక్కువ. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో డీజిల్‌ని ఒక గొట్టంలో చాలా ఎక్కువ ప్రెషర్‌తో నిలవ ఉంచి అక్కడి నుంచి ఇంజెక్టర్లకి ఇస్తారు. ఆ గొట్టమే కామన్ రైల్.

మేం వెళ్ళేసరికే చాలా వైద్యం జరిగిపోయింది. డీజిల్ ఫిల్టర్లు రెండుసార్లు మార్చారు. రైల్ ప్రెషర్ సెన్సర్ కొత్తది వేశారు. ఇక మిగిలింది హై ప్రెషర్ పంపూ ఇంజెక్టర్లూ విప్పి బయటికి పంపడమే. అంటే లక్షల ఖర్చు, పైగా వారం పది రోజులు బండి ఖాళీ. ఈలోపు దానికంటే చవకైన సిద్ధాంతం ఇంకోటి పుట్టింది. ఆపరేటర్ డీజిల్ అమ్ముకుని, ఆ లోటుకి కిరసనాయిలు కలుపుతున్నాడని. ఆపరేటర్ పక్క పల్లెటూరి కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో. అతను సూపర్‌వైజర్‌తో మొదటి నుంచీ ఒకటే చెప్తున్నాడట. "డీజిల్ పోశాక బండి బాగుంటందన్నా." ఇది సూపర్‌వైజర్ చెవికి ఎలా వినపడాలో అలాగే వినపడింది. ఎక్కువ డీజిల్ పోయించుకోడానికి నాటకం అనుకున్నాడు. ఆ నెల జీతం ఆపేశారు.

మామయ్య బండి దగ్గరికి పోలేదు. నీడలో కూర్చుని కుర్రాణ్ణి పిలిచారు.

"బండికేం కంప్లైంట్ అబ్బాయ్?"

"నేనేం చెయ్యలేదు బాబాయ్. ఒక్క చుక్క కూడా..."

"నీ సంగతి అడగలా. బండికేం కంప్లైంటని అడిగా."

తర్వాత పావుగంట ప్రశ్నలు. ఎన్నింటికి మొదలవుద్ది? అన్నీ మెత్తబడతాయా, ఒక్కటేనా? పొగ ఏ రంగు? భోజనానికి ఆపి వచ్చాక ఎట్టుంటది? డీజిల్ పోసేది ఎన్నింటికి? అప్పుడు ఇంజన్ వేడిగా ఉంటదా, చల్లగానా? కుర్రాడు చెప్పినవి: పది దాటాక మొదలవుద్ది. అన్నీ మెత్తబడతాయి. పొగ అసలు రాదు. భోజనం చేసి వచ్చాక గంటా రెండు గంటలు బాగుంటుంది. డీజిల్ పోశాక కూడా బాగుంటుంది, ఇంజన్ మాడిపోతున్నా సరే.

ఈ జవాబుల్లో ఒక్కొక్కటీ ఒక్కో అనుమానాన్ని కొట్టేస్తూ పోయింది. హైడ్రాలిక్ పంపు అరిగిపోతే లోపల నూనె కారిపోయి బండి మెత్తబడుతుంది, నిజమే, కానీ అప్పుడు ఇంజన్‌కి బరువు తగ్గుతుంది కాబట్టి ఆర్పీఎం పడిపోదు. ఇక్కడ పడుతోంది. అంటే కథ ఇంజన్‌ది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి అందక నీరసపడితే నల్ల పొగ రావాలి, ఎందుకంటే నల్ల పొగ అంటే గాలి చాలక సరిగ్గా కాలని డీజిల్. ఇక్కడ పొగే లేదు. అంటే డీజిలే అందట్లేదు. ఎండ వల్లో వేడి వల్లో అందామంటే, డీజిల్ పోశాక వేడి మీదే బాగుంటోంది. డీజిల్లో కిరసనాయిలు ఉంటే పొద్దున ఏడింటికీ ఉంటుంది, పదింటి దాకా ఆగదు.

"డీజిల్ పోయడంలో రెండు పనులున్నయ్యి అల్లుడూ," అన్నారు నాతో. "ఒకటి డీజిల్ లోపలికి పోవడం. రెండోది మూత తియ్యడం. ఏది బండిని బాగుచేస్తందో చూడాల."

మర్నాడు బండి మెత్తబడేదాకా ఆగారు. పదకొండు కావస్తుండగా ఆర్పీఎం దిగడం మొదలైంది. మామయ్య పైకెక్కి డీజిల్ ట్యాంకు మూత తిప్పారు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు కింద నిలబడ్డ నాకూ వినపడింది. చుక్క డీజిల్ పోయకుండా మూత మళ్ళీ పెట్టేశారు. రెండు మూడు నిమిషాల్లో బండి లేచింది.

జరిగింది చాలా చిన్న విషయం. ట్యాంకులోంచి డీజిల్ ఖర్చయ్యేకొద్దీ ఆ ఖాళీలోకి బయటి గాలి రావాలి. దానికోసం బ్రీదర్ అని ఒక చిన్న దారి ఉంటుంది. గ్రానైటు పొడీ డీజిల్ జిడ్డూ కలిసి అది లప్పంలాగా మూసుకుపోయింది. గాలి రాకపోతే ట్యాంకులో వాక్యూమ్ పెరుగుతుంది. పంపు డీజిల్‌ని 'లాగుతుంది' అంటాం గానీ, అది చేసేది ముందువైపు ఖాళీ చేయడమే. వెనక నుంచి డీజిల్‌ని తోసేది మన నెత్తిమీదుండే వాతావరణం. చాలా కామన్ రైల్ ఇంజన్లలో ప్రెషర్ 1,600 బార్ దాటుతుంది. ఆ 1,600 బార్లూ మొదలయ్యేది వెనకనుంచి తోసే ఒక్క బార్ గాలితో. భోజనం విరామంలో సందుల్లోంచి గాలి మెల్లగా లోపలికి చేరేది, అందుకే తర్వాత కాసేపు బాగుండేది. డీజిల్ పోసేటప్పుడు మూత తీసేవాళ్ళు కాబట్టి అప్పుడూ బాగుండేది. కుర్రాడు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా నిజం.

అక్కడితో అయిపోలేదు. ఫిల్టర్‌కి ముందున్న పైపుకి వాక్యూమ్ గేజి కట్టారు. కొత్త బ్రీదర్ వేసి మధ్యాహ్నమంతా నడిపించారు. ముల్లు కదల్లేదు. మర్నాడు, సూపర్‌వైజర్ వద్దంటున్నా వినకుండా, మూసుకుపోయిన పాత బ్రీదర్ మళ్ళీ పెట్టించారు. గంటగంటకీ ముల్లు పెరిగింది, పదిన్నరకి బండి మెత్తబడింది. అప్పుడు అందరికీ వినపడేలా అన్నారు: "పోగొట్టడం ఎవడైనా జేస్తాడు. మళ్ళీ రప్పించినోడికే రోగం తెలిసినట్టు." కొత్త బ్రీదర్ ఖరీదు కొన్ని వందల రూపాయలు.

ఇందులో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది స్క్రీన్ మీద వచ్చిన ఆ హెచ్చరిక. అది అబద్ధం కాదు. రైల్‌లో ప్రెషర్ నిజంగానే తక్కువుంది. అది 'ఇక్కడ తక్కువుంది' అంది. చదివినవాళ్ళు 'దోషి ఇక్కడున్నాడు' అని చదువుకున్నారు. పెద్ద బళ్ళలో కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి జె1939 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ప్రతి కోడ్‌లో రెండు ముఖ్యమైన అంకెలుంటాయి. మొదటిది దేని గురించో చెప్తుంది: 100 అయితే ఇంజన్ ఆయిల్ ప్రెషర్, 110 అయితే కూలెంట్ వేడి, 157 అయితే రైల్ ప్రెషర్. రెండోది దానికి ఏమైందో చెప్తుంది. రెండో అంకె 3 గానీ 4 గానీ అయితే కరెంటు సంబంధమైన తేడా, వైరునీ సెన్సర్‌నీ అనుమానించాలి. 1 గానీ 18 గానీ అయితే కొలత నమ్మదగ్గదే, విలువే నిజంగా తక్కువుంది. రెండో అంకె చదివితే సెన్సర్ కొనాలా వద్దా అన్నది సగం తేలిపోతుంది. కానీ కాబిన్‌లో ఆ స్క్రీన్ చూపించేది ఒక ముక్క మాత్రమే. మిగతాది చాలా బళ్ళలో కంపెనీ సాఫ్ట్‌వేర్ ఉన్న లాప్‌టాప్‌లోనే కనపడుతుంది. ఆ లాప్‌టాప్ డీలర్ దగ్గరుంటుంది, మామయ్యలాంటి వాళ్ళ దగ్గర ఉండదు.

అమెరికాలో ఈ గొడవ ట్రాక్టర్ల మీద నడుస్తోంది. 2025 జనవరిలో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్, రైతులు తమ ట్రాక్టర్లు తాము బాగుచేసుకోకుండా అడ్డుపడుతోందంటూ డీర్ కంపెనీ మీద దావా వేసింది. మన దేశంలో 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' మీద ఒక కమిటీ వేసింది. మొదటగా ఎంచుకున్న రంగాలు వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు. ఆ నాలుగింటిలో క్వారీ యంత్రాలకి విడిగా చోటు లేదు. కంప్లైంట్ బండిదే, కానీ దాన్ని పూర్తిగా వినే హక్కు బండి కొన్నవాడికీ, నడిపేవాడికీ, బాగుచేసేవాడికీ లేదు.

కంప్లైంట్ ఎప్పుడూ మాటల్లోనే, కోడ్‌లోనే రాదు. ఒక్కోసారి నూనెలో వస్తుంది. వాడిన ఇంజన్ ఆయిల్ కొంచెం తీసి లాబ్‌కి పంపితే, దాన్లో ఏ లోహం ఎంతుందో చెప్తారు. 1940ల్లో అమెరికా రైలు కంపెనీలు డీజిల్ ఇంజన్ల కోసం మొదలుపెట్టిన పద్ధతి ఇది. రాగి పెరిగితే బుష్షులో బేరింగులో అరుగుతున్నట్టు, సిలికాన్ పెరిగితే దుమ్ము లోపలికి పోతున్నట్టు. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ఆ యంత్రం సన్నటి రేణువుల్నే బాగా చూస్తుంది. బేరింగు పెచ్చులుగా ఊడిపోతుంటే ఆ పెద్ద ముక్కలు దానికి సరిగా ఆనవు. రిపోర్టు శుభ్రంగా ఉండి, ఫిల్టర్ కోసి చూస్తే రవ్వలు కనపడొచ్చు. ఏ సాక్షికైనా చూపు కొంతమేరే. ఆ హద్దు ఎక్కడో తెలిస్తేనే సాక్ష్యం పనికొస్తుంది.

జూలియన్ ఆర్ అనే మానవశాస్త్రవేత్త పుస్తకం ఒకటుంది, 'టాకింగ్ అబౌట్ మెషీన్స్' అని, 1996లో వచ్చింది. గిరిజన తెగల మధ్యకి వెళ్ళినట్టుగా ఆయన జిరాక్స్ మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల మధ్యకి వెళ్ళాడు. మాన్యువల్ చెప్పినట్టు చేసుకుపోతే చాలని కంపెనీ అనుకుంటుంది. టెక్నీషియన్లు మాత్రం కథలు చెప్పుకుంటారు. టిఫిన్ చేస్తూ, టీ తాగుతూ, ఫలానా చోట ఫలానా మెషీన్ ఇలా చేసింది, తీరా చూస్తే ఇదీ సంగతి అని. ఎదురుగా ఉన్న మెషీన్‌కి ఏమైందో పొందికైన కథ తయారైనప్పుడే వాళ్ళకి డయాగ్నోసిస్ అయినట్టు. మెషీన్‌ని రోజూ వాడేవాళ్ళు చెప్పేది కూడా ఆ కథలో భాగమే, అందుకే వాళ్ళతో సంబంధం చెడగొట్టుకోకపోవడం కూడా రిపేరులో భాగమని ఆర్ చూపిస్తాడు. యంత్రాల గురించిన ఈ పుస్తకంలో నాకు గుర్తుండిపోయినవి మనుషులు మాట్లాడుకునే చోట్లే. మామయ్య ఆ పుస్తకం పేరు కూడా వినుండరు. ఆయన పావుగంటలో ఆ కుర్రాడి దగ్గర తీసుకున్నది కథే.

పుస్తకాల మీద నాలుగు మాటలు రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఇది నా రెండో పనికి కూడా తగులుతోంది. "రెండో సగంలో నవల నీరసపడింది" అని సమీక్షల్లో ఎన్నిసార్లు చదివుంటాం! పాఠకుడి కంప్లైంట్‌గా అది నిజం, అతనికి అలసట కలిగింది, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ రచయిత ఆ రెండో సగాన్ని విప్పి చూస్తే ఏమీ దొరక్కపోవచ్చు. మొదటి ముప్ఫై పేజీల్లో ఒక పాత్రకి ఊపిరాడే దారి మూసేసి ఉండొచ్చు, దాని ఫలితం రెండొందలో పేజీలో బయటపడి ఉండొచ్చు. విమర్శకుడు కంప్లైంట్ దగ్గరే ఆగిపోతే అది స్క్రీన్ మీది కోడ్‌తో సమానం. అబద్ధం కాదు, కానీ ఎవరికీ పనికిరాదు. విమర్శలో ఆ పొరపాటు ఖరీదు మహా అయితే ఒక రచయిత మనసు నొచ్చుకోవడం. క్వారీలో అంత తేలిగ్గా పోదు.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఈ విషయంలో ఒక సౌకర్యం ఉంది. సర్వర్ పడిపోతే తర్వాత కూర్చుని ఏం జరిగిందో రాస్తాం. దాన్ని బ్లేమ్‌లెస్ పోస్ట్‌మార్టమ్ అంటాం. ఎవరు చేశారని కాకుండా, ఎందుకు చేయగలిగారని అడగాలి. 2016లో గూగుల్ ఇంజనీర్లు తెచ్చిన సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్ పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది. అక్కడ ఇచ్చే కారణం మంచితనం కాదు. మనుషులు భయపడితే నిజం చెప్పరు, నిజం చెప్పకపోతే లోపం దొరకదు. ఆ కుర్రాడు నోరు తెరవగానే "నేనేం చెయ్యలేదు బాబాయ్" అన్నాడు చూడండి, అదీ భయం. అతను ఇంకాస్త భయపడి, డీజిల్ పోసే మాట ఎత్తితే తనకే చుట్టుకుంటుందని ఆ ఒక్క ముక్కా మింగేసి ఉంటే, ఇంజెక్టర్లు హైదరాబాద్ వెళ్ళేవి, తిరిగొచ్చేవి, బండి మళ్ళీ పదిన్నరకి మెత్తబడేది. రోజుకి పది గంటలు బండి మీద కూర్చునేవాడి దగ్గర ఏ సెన్సర్‌కీ అందని సమాచారం ఉంటుంది. జీతం ఆపితే మొదట ఆగిపోయేది ఆ సమాచారమే. ఏసీ గదుల్లో, ఉద్యోగం పోయినా ఆర్నెల్లు నెట్టుకు రాగల మనకి ఈ నియమం రాసిపెట్టి ఉంది. ఒక నెల జీతం ఆగితే ఇంట్లో అప్పు పుట్టే చోట లేదు.

కుర్రాడి జీతం ఇచ్చేశారు. తప్పైందని ఎవరూ అనలేదు. బండి లాగ్‌బుక్‌లో ఆ రోజు రాసింది నేను చూశాను: "ట్యాంకు బ్రీదర్ మార్చబడినది. బండి ఓకే." అతన్ని దొంగ అన్న సంగతి అందులో ఎక్కడా రాయలేదు కాబట్టి, కొట్టేయడానికి కూడా ఏమీ లేదు. మరుసటి సంక్రాంతి తర్వాత అతను బల్లికురవ వైపు ఇంకో క్వారీకి మారిపోయాడని మామయ్య ఫోన్లో చెప్పారు. అక్కడ బండి మెత్తబడితే అతన్ని అడుగుతారో, అతన్నే అంటారో.